విరిగిన తూముకు వందకు తొంభైనాలుగు

చిననూతిపాడు పాలకేంద్రం నాగూరమ్మకు నలభయ్యారేళ్ల వయసులో మొట్టమొదటిసారి మార్కులొచ్చాయి. వందకు ఏడు.

ఆమె పరీక్షేమీ రాయలేదు. పిల్లవాగు మీద తూము కూలిందని, బాగుచేయించమని మండలాఫీసులో ఒక సోమవారం అర్జీ ఇచ్చింది. మరుసటి సోమవారం వెళితే ఆ కాగితమే తిరిగి చేతికొచ్చింది. కుడివైపు పైమూల ఎర్రసిరాతో ఏడు వేసి, చుట్టూ గీత చుట్టారు. కింద గుండ్రటి దస్తూరీతో ఇలా ఉంది: "విషయం కలదు. వినిపించు విధము లేదు. శ్రోత హృదయం ఎక్కడా తాకబడలేదు. తిరగరాసి తేవలెను."

"ఇదేందయ్యా ఖాదరూ?" అంది నాగూరమ్మ.

ఖాదర్‌బాషా ఆ ఆఫీసులో గుమాస్తా. ఇరవై రెండేళ్లుగా అదే కిటికీ వెనక అదే కుర్చీలో కూర్చుని అర్జీలు తీసుకుంటున్నవాడు. మండలంలో ఆడవాళ్లందరికీ తమ్ముడు.

"నీ ఒక్కదానికే కాదక్కా, అందరికీ ఏస్తన్నారు. మీ సర్పంచికి నాలుగే వచ్చినయ్. నువ్వే నయం."

"మార్కులెవరడిగారయ్యా? నేను తూము అడిగా."

"తూము కావాలంటే ముప్పయ్యయిదు రావాల."

నాగూరమ్మ అర్జీలో రాసింది నాలుగే ముక్కలు. తూము కూలింది. పాలవ్యాను ఊళ్లోకి రావటం లేదు. పాలు విరిగిపోతున్నాయి. బాగుచేయించండి. ఇందులో ఏ ముక్కకు ఏడు మార్కులొచ్చాయో, ఏ ముక్కకు తొంభై మూడు పోయాయో ఆమెకు అంతుబట్టలేదు.

శ్రావణమాసం వానకు తూము కూలింది. అప్పటిదాకా పొద్దున్నే ఆరున్నరకల్లా వ్యాను వచ్చి పాలకేంద్రం ముందు ఆగేది. ఇప్పుడు వాగు అవతలే ఆగిపోతోంది. నలభై ఇళ్ల పాలు క్యాన్లకెత్తి, మోకాటిలోతు బురదలో మనుషులు మోసుకెళ్లి, అవతలి గట్టెక్కించేసరికి ఎండ నెత్తికొస్తోంది. వారానికి రెండుసార్లు పాలు విరుగుతున్నాయి. డెయిరీవాళ్లు చూసీ చూసీ ఒక మాట చెప్పేశారు. దీపావళి దాకా ఓపిక పడతాం, అప్పటికీ దారి పడకపోతే చిననూతిపాడు కేంద్రం ఎత్తేస్తాం. కేంద్రం పోతే ఊళ్లో గేదెలుండవు. గేదెలు పోతే ఆ ఊళ్లో మిగిలేవి రాళ్లూ, కందిచేలూ, ఒకప్పుడు తిరనాళ్లకు పద్యాలు పాడిన శేషయ్యా.

అర్జీలకు మార్కులు రావడం వెనక పెద్ద కథే ఉంది. జిల్లా విశ్వవిద్యాలయంలో వక్తృత్వశాస్త్ర శాఖ అని ఒకటుంది. ఎలా మాట్లాడితే మనిషి మనసు మారుతుందో అక్కడ పరిశోధిస్తారు. మూడేళ్లుగా అందులో ఒక్క విద్యార్థీ చేరలేదు. రమ్మని ఎంత చక్కగా చెప్పినా రాలేదు. చివరికి పైనుంచి కాగితమొచ్చింది. "మీ శాఖ వలన ప్రజలకు కలుగు ప్రయోజనమును ముప్పది దినములలో నిరూపించనిచో శాఖను మూసివేయుట జరుగును."

ఆ శాఖకు పెద్ద ఆచార్య సోమసుందరం మంచివాడు. ఒకరి సొమ్ము ఆశించినవాడు కాదు, ఒకరిని తిట్టినవాడు కాదు. లోకంలో అందరూ చక్కగా మాట్లాడటం నేర్చుకుంటే కష్టాలన్నీ తీరిపోతాయని మనస్ఫూర్తిగా నమ్మినవాడు. ఎవరికైనా ప్రమాదం ఇలాంటివాళ్లతోనే.

అదే సమయంలో మండల ప్రత్యేకాధికారి చిదంబరరావుకు మరో కాగితమొచ్చింది. మండలంలో నాలుగు వేల పైచిలుకు అర్జీలు పెండింగులో ఉన్నాయి, నెలాఖరుకు ఒక్కటీ కనిపించకూడదు అని. చిదంబరరావు, సోమసుందరం ఒక సదస్సులో పక్కపక్కన భోజనానికి కూర్చున్నారు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి పథకం తయారైంది. దాని పేరు "వాగ్ధార". అర్జీ ఇచ్చే ముందు అర్జీకి వక్తృత్వ పరీక్ష. తప్పినవి తిరగరాతకు.

తిరగరాతలో ఉన్న అర్జీ పెండింగులో ఉన్నట్టు కాదు. పరిష్కరించినట్టూ కాదు. అర్జీదారుడి ప్రతిభ కోసం ఎదురుచూస్తున్నట్టు. రెండు వారాల్లో మండలంలో పెండింగు సున్నాకు దిగింది. చిదంబరరావుకు శాలువా కప్పారు.

*

మూడో సోమవారం నాగూరమ్మ నేరుగా ఆచార్యులవారి గదికే వెళ్లింది. అంతకుముందు అది మండలాఫీసు స్టోరు రూము. ఇప్పుడు తలుపు మీద "శ్రోతృ హృదయ పరిశీలన కేంద్రం" అని బోర్డు పెట్టారు.

"కూర్చోండమ్మా," అన్నాడు సోమసుందరం ఎంతో ఆదరంగా. "అర్జీ అన్నాక మూడుండాలి. చెప్పేవారి మీద నమ్మకం కలగాలి. వినేవారి మనసు కదలాలి. మాటల్లో తర్కం నిలవాలి. ఈ మూడింటికీ విడివిడిగా కొలత వేస్తాం."

నాగూరమ్మకు ఇది బాగా అర్థమైంది. "మా కేంద్రంలోనూ అంతే సారూ. వెన్న ఎంత, మిగతా సరుకు ఎంత, నీళ్లెన్ని అని మూడూ చూస్తాం."

"చూశారా! ఎంత చక్కటి ఉపమానం!" సోమసుందరం డైరీలో రాసుకున్నాడు. "ఇలాంటిది అర్జీలో ఎందుకు పెట్టలేదు?"

"తూము అడిగేదాంట్లో వెన్న ఎందుకు సారూ?"

"పోనీ, పాలు విరిగిపోతున్నాయన్నారు. అప్పుడు మీ మనసేమైంది? అది విరగలేదా?"

"మనసు విరిగితే ఇంట్లో ఎట్టనో సర్దుకుంటా సారూ. పాలు విరిగితే పారబోయాల."

ఇంత సరుకు పెట్టుకుని ఏడు మార్కులు తెచ్చుకున్న మనిషి మీద ఆచార్యుడికి నిజంగానే జాలి కలిగింది. వెంటనే చిననూతిపాడులో మూడు రోజుల శిక్షణ శిబిరం మంజూరు చేయించాడు.

ఆ మూడు రోజులూ ఊళ్లో పని జరగలేదు. బళ్లో పందిరి వేసి, జనాన్ని కూర్చోబెట్టి, గొంతు ఎక్కడ దించాలో, ఎక్కడ ఆపి కొంగుతో కళ్లు ఒత్తుకోవాలో నేర్పారు. నాలుగో రోజు నాగూరమ్మ మొగుడు కోటయ్య అన్నం దగ్గర కూర్చుని, "ఓ ఇల్లాలా! పచ్చడి లేని ఈ పళ్లెం నా కళ్లకు పంట లేని పొలంలా కనపడుతోంది," అన్నాడు.

"గిన్నె నీ చేతిపక్కనే ఉంది, ఏసుకో," అంది నాగూరమ్మ.

మండలాఫీసు బయట చెట్ల కింద బల్లలు వెలిశాయి. ఒక బల్ల మీద అట్టముక్కకు "ఇచ్చట అర్జీలలో ఆర్ద్రత చేర్చబడును" అని రాసి కట్టారు. పక్క బల్లవాడు "తర్కము, ఉపమానములు సిద్ధముగా ఉన్నవి" అని పెట్టాడు. వీధిలైటు వెలగడం లేదని వచ్చినవాడి అర్జీలో ఒక ముసలి అవ్వ చీకట్లో పడి చనిపోయేది. బోరు పాడైందని వచ్చినవాడి అర్జీలోనూ అదే అవ్వ దాహంతో చనిపోయేది. ఆ నెలలో ఆ అవ్వ పన్నెండు ఊళ్లలో పోయింది. పాలల్లో నీళ్లు కలిపితే చూపుతోనే పట్టేసే నాగూరమ్మకు ఇక్కడ ఏం కలుపుతున్నారో తెలిసిపోయింది. కానీ దీపావళికి ఇంకా ఇరవై ఆరు రోజులే ఉన్నాయి. కళ్లు మూసుకుని ఆమె కూడా ఒక బల్ల ముందు కూర్చుంది.

అర్జీ నాలుగు పేజీలైంది. అరవై రెండు మార్కులొచ్చాయి. నాగూరమ్మ ఆ కాగితం పట్టుకుని చిదంబరరావు గదిలోకి దాదాపు పరుగెత్తింది.

"అభినందనలు," అన్నాడు చిదంబరరావు. "అయితే మీ అర్జీ ఏకపక్షంగా ఉన్నట్లు గమనించడమైనది."

"ఏకపక్షమంటే?"

"తూము బాగుచేయాలని మీరంటున్నారు. బాగుచేయవద్దనే పక్షం వారి వాదన ఇందులో లేదు. ప్రతి పౌర సమస్యకూ రెండు పార్శ్వములుంటాయి. రెండవ పార్శ్వమును వినకుండా నిర్ణయం తీసుకొనుట ప్రజాస్వామ్య విరుద్ధం."

"తూము కూలిపోయి ఉండాలనేవాడు మా ఊళ్లో ఎవడూ లేడు సారూ."

"అదే మీ లోపం. బహిరంగ చర్చ ఏర్పాటు చేస్తున్నాం. ప్రతిపక్షాన్ని మీరే సమకూర్చుకోవలెను."

*

ఆ సాయంత్రం పాలు పోయడానికి వచ్చినవాళ్లంతా కేంద్రం ముందే చతికిలబడ్డారు. ప్రతిపక్షానికి మనిషి కావాలి. ఎవరూ ముందుకు రాలేదు. తూముకు ఎదురు మాట్లాడితే రేపు నలుగురిలో తలెత్తుకోవడం ఎలా అని అందరి భయం. చివరికి అన్ని కళ్లూ శేషయ్య మీదికి తిరిగాయి.

శేషయ్య నలభై ఏళ్లు పద్యనాటకాలాడినవాడు. రాజు వేషం కడితే మూడు ఊళ్ల అవతలికి గొంతు వినపడేది. ఇప్పుడు మూడు గేదెలు మేపుకుంటున్నాడు. నాగూరమ్మకు వరసకు మావ.

"మావా, నువ్వే నిలబడాల," అంది నాగూరమ్మ.

"నా పాలు కూడా విరుగుతున్నయ్ గదమ్మాయ్. నేనెట్టా వద్దంటా?"

"వద్దనమాక. వద్దన్నట్టు నటించు. రెండు ముక్కలు నసిగి కూర్చో. ఓడిపో."

"ఓడిపోవటమేగా," అన్నాడు శేషయ్య తేలిగ్గా. "దానికేం భాగ్యం!"

చర్చ వాగు గట్టునే పెట్టారు. షామియానా వేశారు. నాలుగు మైకులు, రెండు సౌండు బాక్సులు వచ్చాయి. కూలిన తూముకు ఇటు ఒక బల్ల, అటు ఒక బల్ల. ఇంజనీరుగారు వచ్చి తూమును ఒకసారి చూసి, "రెండు రోజుల పని," అని గొణిగితే, "వాదనలో పాల్గొనదలచినచో పేరు నమోదు చేసుకొనవలెను," అని చిదంబరరావు మందలించాడు. ఊరు ఊరంతా వచ్చింది. శ్రోతల స్పందనకే యాభై మార్కులని సోమసుందరం ముందుగానే ప్రకటించాడు.

నాగూరమ్మ నాలుగు పేజీలు చేతిలో పెట్టుకుని లేచింది. మొదటి పేజీలో అవ్వ దగ్గరికొచ్చేసరికి ఆమెకు సిగ్గేసింది. "అవ్వ సంగతి పక్కన పెట్టండి. పాలు విరిగిపోతున్నయ్," అని చెప్పి కూర్చుంది. ఊళ్లోవాళ్లకు ఇది తెలిసిన విషయమే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

శేషయ్య లేచాడు. అనుకున్నట్టే నసిగాడు. "తూము... అంటే... ఉన్నా ఒకటే... లేకపోయినా..." అన్నాడు. తన గొంతు రెండు బాక్సుల్లోంచి వాగు అవతలి కొండకు తగిలి తిరిగొచ్చింది. శేషయ్య ఆగిపోయాడు. పదకొండేళ్లయింది ఆయన మైకు ముందు నిలబడి. ఎదురుగా అయిదొందల మంది. నాగూరమ్మ చూస్తుండగానే ఆయన నడుం నిటారైంది. భుజం మీది కండువా రాజుగారి ఉత్తరీయమైంది. ఎడమచెయ్యి చెవి దగ్గరికి పోయింది.

"మావా, వద్దు," అంది నాగూరమ్మ లోపల్లోపల.

కూలె తూము గాని కూలునే మనయాత్మ
విరిగినంత మాత్ర వీడనేల
గతుకు లేని బతుకు గమ్యంబు చేరునా
గుంతలోన గలదు కొత్తబాట

చివరి పాదంలో "బాట" దగ్గర ఆయన రాగం తీశాడు. ఆ రాగం వాగు దిగి, ఇసుక మీద నడిచి, అవతలి గట్టెక్కి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, మళ్లీ వెనక్కొచ్చి మైకులో కూర్చుంది. షామియానా కింద జనం ఒక్కసారిగా లేచారు.

"వన్స్ మోర్!"

అది ఆ ప్రాంతం జబ్బు. మంచి పద్యం విని ఊరుకోవడం వాళ్ల ఇంటావంటా లేదు. కొడుకు మీద కోపంతో నాటకానికొచ్చినవాడు కూడా రాగం బాగుంటే లేచి వన్స్ మోర్ కొట్టి, మళ్లీ కోపంగా కూర్చునే నేల అది. శేషయ్య రెండోసారి పాడాడు. రెండోసారి రాగం ఇంకా పొడుగైంది. "వన్స్ మోర్!" అని కోటయ్య గొంతు అందరికన్నా పైన వినిపించింది. మూడోసారి పాడేటప్పుడు శేషయ్య కళ్లెంట నీళ్లు కారుతున్నాయి. ఆ మూడోసారి అయ్యాక పడిన వన్స్ మోర్లలో ఒకటి తనదేనని నాగూరమ్మకు, నోరు మూసుకున్నాక గానీ తెలియలేదు.

సోమసుందరం కళ్లద్దాలు తుడుచుకుని ఫలితం చదివాడు. తూము బాగుచేయాలన్న పక్షానికి ముప్పై ఎనిమిది. విరిగిన తూము పక్షానికి తొంభైనాలుగు.

శేషయ్య వంగి నమస్కారం పెట్టాడు. తల ఎత్తాక అప్పుడు కనపడింది ఆయనకు నాగూరమ్మ మొహం.

*

మూడో రోజు ఉత్తర్వు వచ్చింది. ఖాదర్‌బాషా స్వయంగా పట్టుకొచ్చి కేంద్రం ముందు నిలబడి చదివాడు.

"చిననూతిపాడు గ్రామ ప్రజలు హర్షధ్వానాల మధ్య, ముమ్మారు ధ్రువీకరించిన అభిప్రాయమును అనుసరించి, పిల్లవాగుపై గల కట్టడమును దాని ప్రస్తుత భగ్నస్థితిలోనే శాశ్వతముగా పరిరక్షించుటకు నిర్ణయించడమైనది. దీనిని మార్చుటకు పూనుకొనువారు ప్రజాభిప్రాయమును ధిక్కరించినవారగుదురు."

"ముమ్మారు అంటే ఏందిరా?" అన్నాడు కోటయ్య.

"మూడు వన్స్ మోర్లు బావా," అన్నాడు ఖాదర్.

ఎవరూ శేషయ్యను ఏమీ అనలేదు. అనడానికి ఎవరికీ నోరు లేదు. అందరి నోళ్లూ ఆ రోజు షామియానా కిందే ఖర్చయిపోయాయి. దీపావళికి ఎనిమిది రోజులే ఉన్నాయి.

ఆదివారం పొద్దున నాగూరమ్మ పాలు వాగు దాటించాక, క్యాన్ల మూతలు బిగించి, చీర చెంగు నడుంలో దోపింది. "అర్జీలు రాసినంత సేపు రాళ్లు మోసుంటే ఈపాటికి రెండు తూములయ్యేయి," అంది. అంతే. ట్రాక్టర్లు వచ్చాయి. కొండ కింది నుంచి రాళ్లు దొర్లాయి. ఖాళీ సిమెంటు సంచుల్లో ఇసుక నింపి కుట్టారు. సర్పంచి ఇంటి వెనకున్న నాలుగు సిమెంటు గొట్టాలు మనుషుల భుజాల మీద నడిచొచ్చాయి. అందరికన్నా ఎక్కువ రాళ్లు మోసింది శేషయ్య. ఎవరన్నా కూర్చోమంటే వినపడనట్టు నడిచాడు. పొద్దుగూకేసరికి నీళ్లు కిందనుంచి పోతున్నాయి, దారి పైనుంచి పోతోంది. సోమవారం పొద్దున వ్యాను మూడు నెలల తర్వాత కేంద్రం ముందుకొచ్చి ఆగింది.

బుధవారానికి నాగూరమ్మ పేర నోటీసు వచ్చింది. ప్రజాభిప్రాయానుసారం భగ్నస్థితిలో ఉన్న కట్టడమును ఎట్టి వాదనా చేయకుండా బాగుచేసినందుకు ఆమెపై ఎందుకు చర్య తీసుకోరాదో, పొక్లెయినుతో దానిని యథాపూర్వ భగ్నస్థితికి ఎందుకు తీసుకురారాదో లిఖితపూర్వకముగా తెలుపవలెను.

నాగూరమ్మ ఈసారి బల్లల దగ్గరికి వెళ్లలేదు. నోటీసు వెనకే రాసిచ్చింది. "పాలు విరిగిపోతుంటే వేసుకున్నాం."

వందకు తొమ్మిది. తిరగరాసి తేవలెను.

ఖాదర్‌బాషా కిటికీలోంచి తల బయటికి పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "అక్కా, నీ పంట పండింది. జవాబు తిరగరాతలో ఉన్నంతకాలం దాని మీద చర్య తీసుకోకూడదు. వాగ్ధారలో రూలుంది. నువ్వు ప్రతి సోమవారం వచ్చి తప్పుతా ఉండు. పాసయ్యావో, ఫైలు కదులుద్ది. ఫైలు కదిలితే పొక్లెయినొచ్చుద్ది."

"తప్పటం నాకు వచ్చులే," అంది నాగూరమ్మ.

మరుసటి సోమవారం అదే ముక్క రాసిచ్చింది. పదహారు వచ్చాయి. ఆపై వారం అదే ముక్క. ఇరవై ఏడు. ఖాదర్ మొహం వాడిపోయింది.

"ఇదేం పాడుకాలమే అక్కా! సోమసుందరంగారికి నీ ముక్క మీద మోజు పుట్టింది. అందరి అర్జీల్లో అవ్వలు చచ్చీ చచ్చీ ఆయనకి విసుగొచ్చిందంట. నీది చదివి, 'అలంకారం లేకపోవడమే దీని అలంకారం' అంటన్నాడు. వ్యాసం కూడా రాస్తన్నాడు. వచ్చే వారం పాసయిపోతావు!"

నాగూరమ్మకు మొదటిసారి భయమేసింది. తన చేత్తో ఎప్పుడూ నిజమే రాసే మనిషికి నిజం కన్నా తక్కువ మార్కులొచ్చేది ఏదో తెలియదు. ఆమె అటునుంచి అటే శేషయ్య పాక దగ్గరికి వెళ్లింది. ఆయన గేదెకు కుడితి పెడుతున్నాడు. చర్చ జరిగిన రోజు నుంచి ఆమె ఎదురుపడితే తల దించుకుంటున్నాడు.

"మావా, జవాబు చెడగొట్టి రాయాల."

"నేనా?" శేషయ్య మొహం ఎర్రబడింది. "నలభై ఏళ్లు ఆడాను, ఒక్క ముక్క చెడగొట్టానా?"

"ఒక్కసారి చెడగొట్టావు, గెలిచి. ఇప్పుడు ఓడి బాగుచెయ్."

శేషయ్య చేతులు కడుక్కుని కాగితం తెమ్మన్నాడు. మొదట రాసింది చదివితే నాగూరమ్మకే గుండె కరిగింది. చింపేసింది. రెండోది మధ్యలో సీసపద్యంలోకి తిరిగింది. అదీ చింపేసింది. "ప్రాణం ఉగ్గబట్టుకుని రాయి మావా," అంది. ఆరు రోజులు పట్టింది. ఆరో రోజుకు ఒక పేజీ తయారైంది. అందులో మొదటి మాటకు రెండో మాటతో సంబంధం లేదు, రెండో దానికి మూడోదానితో పేచీ. పాలు అని మొదలెట్టి పత్తి దగ్గర ఆగింది. పద్యాలాడిన చెయ్యి రాసిందంటే ఎవరూ నమ్మరు.

సోమసుందరం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఎంతో బాధపడి, వందకు రెండు వేశాడు. వ్యాసం చింపేశాడు. ఇక ఈ స్త్రీ మీద ఆశ లేదని ఫైల్లో రాశాడు. ఏళ్ల తరబడి తిరగరాతలో ఉంచదగినదిగా చిదంబరరావు సిఫారసు చేశాడు.

రెండు మార్కులని తెలిసి శేషయ్య ఆ రోజంతా అన్నం ముట్టలేదు. మరునాడు తెల్లారినా పాకలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. బయట కార్తీకం వాన దంచుతోంది. వాగు నిండా ఎర్రనీళ్లు పోతున్నాయి. పైనుంచి పాలవ్యాను హారను కొట్టుకుంటూ ఊళ్లోకి వచ్చింది.

"మావా," నాగూరమ్మ గుమ్మంలోంచి కేకేసింది. "ముందు నీ పాలు పొయ్యి."